బాబాయికి ఈ మాట చెప్పండి

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అల్లుడుగారి నడుం నొప్పి తగ్గింది. పిల్లలకి సెలవులిచ్చేశారు, ఇల్లు పీకి పందిరేస్తున్నారు. నాన్నగారూ, బీపీ మాత్రలు మార్చారని చెల్లి చెప్పింది. కొత్తవి మొదలుపెట్టాక పాదాలు వాస్తున్నాయా? వాస్తుంటే డాక్టరుగారికి చెప్పండి. వయసు మీద పడింది కదా అని ఊరుకోవద్దు.

ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్లీ ఈ ఉత్తరమేమిటి అనుకుంటారు. ఒక విషయం ఫోన్లో చెప్పబోతే అమ్మ మధ్యలోనే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, నాకూ గొంతు పూడుకుపోతుంది. అందుకే రాస్తున్నాను. నిదానంగా చదవండి.

ముందు ఉద్యోగం సంగతి. పెళ్లిలో అందరి ముందూ పెద్దత్తయ్య "ఎంబీఏ చదివించింది అక్కడ పార్కులకి కాపలా కాయడానికా" అందట కదా. ఆ మాట పట్టుకుని అమ్మ సరిగ్గా అన్నం కూడా తినలేదని తెలిసింది. అమ్మా, నేను చేసేది చిన్న పని కాదు. మా డైరెక్టరుగారు రిటైరయ్యారు. కొత్తవారు వచ్చేదాకా పార్క్ డిస్ట్రిక్ట్ మొత్తం నన్నే చూసుకోమన్నారు. పార్కులు, ఆటస్థలాలు, స్విమ్మింగ్ పూల్, జిమ్, పిల్లల సమ్మర్ క్యాంపులు, పెద్దవాళ్ల కార్యక్రమాలు, అన్నీ. గడ్డి కోసే మిషను ఆగిపోయినా నాకే ఫోను, బడ్జెట్ లెక్క తేలకపోయినా నాకే ఫోను. ఐటీ వాళ్లంత జీతం రాదు, నిజమే. ఇల్లు గడవడానికి లోటు లేదు. అత్తయ్య మళ్లీ అంటే ఇంతమాత్రం చెప్పు చాలు.

మున్సిపాలిటీ ఉండగా పార్కులకి వేరే ఆఫీసెందుకని నాన్నగారు అడిగారు. మీరు లైబ్రరీ నడిపిన మనిషి, మీకు ఇట్టే అర్థమవుతుంది. గ్రంథాలయ సెస్సు గుర్తుచేసుకోండి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీకని వసూలు చేస్తారు. ఆ డబ్బు పంచాయతీలోనే వేరే ఖర్చుల్లో కలిసిపోయేది, మీరు పేపర్ల బిల్లు సొంత జేబులోంచి కట్టేవారు. ఇక్కడ అమెరికాలో, మా ఇల్లినాయి రాష్ట్రంలో ఆ తంటా లేకుండా పార్కులకే విడిగా ఒక ప్రభుత్వం ఉంటుంది. జనం ఓట్లేసి బోర్డుని ఎన్నుకుంటారు. ఇంటిపన్ను కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, వసూలు చేసి మా వాటా నేరుగా మాకే పంపుతుంది. రోడ్డు గుంతలు పూడ్చాలంటూ అందులో ఎవరూ చెయ్యి పెట్టలేరు. ఇంకో విషయం, ఆ బోర్డు మెంబర్లకి జీతం లేదు. పగలంతా వాళ్ల ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం వచ్చి, ఉయ్యాలల కింద పరిచే చెక్కపొట్టు ధర గురించి కూడా గంటసేపు చర్చిస్తారు. వాళ్లని చూసినప్పుడల్లా నాకు మీరే గుర్తొస్తారు.

పన్ను ఇష్టమొచ్చినట్టు పెంచడానికీ లేదు. మా వైపు ధరల పెరుగుదల శాతమో 5 శాతమో, రెండిట్లో ఏది తక్కువైతే అంతవరకే. కొత్తగా కట్టిన ఇళ్ల మీద వచ్చేది వేరే. ఎంత వసూలు చేయాలో డిసెంబరు చివరి మంగళవారంలోగా కౌంటీకి రాసివ్వాలి. ఆ నెలలో మా ఆఫీసులో ఎవరికీ నిద్ర ఉండదు. మీటింగు అజెండా 48 గంటల ముందే అంటించాలి, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. మొన్న మన కుర్రాళ్లు క్రికెట్ పిచ్ కావాలని వచ్చారు. అదే గ్రౌండులో పిల్లల చేత సాకర్ ఆడించే తల్లిదండ్రులు గట్టి బంతి తగులుతుందని అడ్డం తిరిగారు. నేను మనవాళ్ల పక్షమని ఎవరూ అనుకోకూడదు, మనవాళ్లకి అన్యాయమూ జరక్కూడదు. ఇంకా తేలలేదు.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మే ఆఖరి వారాంతంలో పూల్ తెరిచాం. అమ్మా, ఇకమీద పూల్ బాధ్యత కూడా నాదేనని చెప్పిన రోజు నువ్వు ఏమీ అనకుండా ఫోను చెల్లికిచ్చేశావు. ఎందుకో నాకు తెలుసు. బాబాయి వాళ్ల బుజ్జి కాలువలో మునిగి పోయాక మనింట్లో ఎవరూ రేవు మెట్లు దిగలేదు. మమ్మల్ని కాలువ వంతెన మీద నుంచి వెళ్లినా తిట్టేదానివి. నీ భయం నాలోనూ ఉంది. అందుకే ఈ పని ఇంకొకరికి వదిలేయాలనిపించలేదు.

మా లైఫ్‌గార్డులు 16, 17 ఏళ్ల పిల్లలు. ఎత్తు కుర్చీలో కూర్చుని తమకి అప్పజెప్పిన నీళ్లని అడుగుదాకా చూస్తూనే ఉండాలి. పది సెకన్లలో ఆపద గుర్తించాలి, ఇరవై సెకన్లలో మనిషిని అందుకోవాలి, అదీ లెక్క. ఒకే కుర్చీలో అరగంటకి మించి ఉంచం, కళ్లు అలసిపోతాయని. ఉరుము వినపడిందంటే అందరినీ బయటికి పంపేస్తాం. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎవరినీ దిగనివ్వం. టికెట్టు కొన్నవాళ్లు నానా మాటలూ అంటారు, పడతాం.

మొన్న శనివారం వాళ్లకి తెలియకుండా పరీక్ష పెట్టాం. పూల్ నిండా జనం. మా సూపర్‌వైజర్ ఒక ప్లాస్టిక్ బొమ్మని, అచ్చం పిల్లాడి ఒడ్డూపొడుగూ ఉంటుంది, తువ్వాలులో చుట్టి తెచ్చి గట్టు పక్కన చప్పుడు లేకుండా నీళ్లలోకి వదిలింది. బొమ్మ అడుక్కి చేరింది. చుట్టుపక్కల ఒక్కరూ గమనించలేదు. పక్కనే నిలబడ్డ ఒక తండ్రి తన కూతురికి ఈత అద్దాలు సరిచేస్తున్నాడు, ఆయన కాళ్లకి గజం దూరంలో ఉంది బొమ్మ. నేను కంచె దగ్గర గడియారం చూస్తూ నిలుచున్నాను. కుర్చీలో ఉన్న అమ్మాయి తల ఇటు తిప్పింది, ఆగింది, ఈల పొడవుగా ఊది దూకింది. ఇరవై సెకన్లు కాకముందే బొమ్మ గట్టు మీద ఉంది. ఆ పిల్ల బొమ్మ ఛాతీ మీద నొక్కుతోంది, చేతులు వణుకుతున్నాయి, పని మాత్రం ఆపలేదు. పరీక్ష అయిపోయిందని చెప్పినా లేవలేదు. నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను.

నాన్నగారూ, ఇది బాబాయికి మీరే చెప్పాలి. నేను చెబితే వినడు.

బాబాయి ఇన్నేళ్లుగా ఒకే మాట అంటాడు కదా. "గట్టు మీదే ఉన్నాను, గేదెల్ని కడుగుతున్నాను, ఒక్క కేక వినపడినా దూకేవాణ్ణి" అని. ఆ కేక తాను వినలేదని, వినాల్సిందని, తన చెవులకే శిక్ష వేసుకున్నట్టు బతుకుతున్నాడు. ఊళ్లో వాళ్లూ తలో మాట అన్నారు. పిన్ని కూడా ఒకసారి అంది.

మాకు ఇక్కడ మొదట నేర్పేది ఇదే. నీళ్లలో మునిగిపోతున్న మనిషి అరవడు. అరవలేడు. నోరు నీటి పైకి వచ్చే ఆ క్షణం ఊపిరి పీల్చుకోవడానికే సరిపోదు, ఇక కేక ఎక్కడ నుంచి వస్తుంది? చేతులు ఊపి పిలవడం కూడా ఉండదు. రెండు చేతులూ పక్కలకి చాపి, నీళ్లని కిందికి నొక్కుతూ, నిటారుగా ఉండిపోతారు. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అదంతా ఒక నిమిషం కూడా పట్టదు. తల్లీతండ్రీ పక్కనే ఉండగా జరిగినవి ఎన్నో ఉన్నాయి. పని కట్టుకుని నేర్చుకుని, అదొక్కటే చూడటానికి జీతం తీసుకునే వాళ్లకే పది సెకన్ల నియమం పెట్టి, దొంగచాటుగా పరీక్షలు పెట్టాల్సి వస్తోందంటే, గేదెల్ని కడుగుతున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

బుజ్జి పిలవలేదు. బాబాయి వినకపోవడం కాదు. అక్కడ వినడానికి ఏమీ లేదు.

ఇది ఓదార్పు కోసం అల్లిన మాట కాదని చెప్పండి. మంచి రోజు చూసుకుని, పిన్ని కూడా ఉన్నప్పుడు చెప్పండి. ఈ పేజీ చదివి వినిపించినా సరే. అమ్మా, నువ్వు ఆ రోజు వాళ్లింటికి వెళ్లు, పిన్ని దగ్గర ఎవరైనా ఉండాలి.

అన్నట్టు, అమ్మ వీసా ఇంటర్వ్యూకి నాన్నగారి పెన్షన్ కాగితాలు కూడా పెట్టుకోండి. ఇక్కడికి వస్తే ఏం తోస్తుందని అమ్మ బెంగ పెట్టుకుంటోంది. కారు నడపలేని పెద్దవాళ్లు ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని దిగులు పడటం నేనూ చాలా చూశాను. మా జిమ్‌లో పై అంతస్తులో నడిచే ట్రాక్ ఉంది, బయట మంచు పడుతున్నా లోపల వెచ్చగా ఉంటుంది. తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నల్గొండ నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లు రోజూ పొద్దున్నే నడుస్తారు. మొదట్లో ఎవరికి వారే నడిచేవారు. ఇప్పుడు ఒకరు రాకపోతే మిగిలినవాళ్లు వాళ్లింటికి ఫోను చేస్తున్నారు. ఆ అక్కచెల్లెళ్లలో పెద్దావిడ నీలాగే చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గబగబా నడుస్తుంది. అమ్మా, నువ్వు వస్తే నిన్నూ చేరుస్తాను, పొద్దున్నే నేనే తీసుకెళ్తాను.

ఈ ఏడు కాలువకి నీళ్లు ఎప్పుడు వదులుతున్నారు? వదలకముందే రెండు పనులు చేయించండి. బాబాయి మనవడికి ఈ సెలవుల్లో విజయవాడలో ఈత నేర్పించండి, కార్పొరేషన్ వాళ్ల పూల్ ఉంది కదా, చెల్లి ఇంట్లో ఉండి వెళ్లొస్తాడు. నీళ్ల దగ్గరికి పంపకపోతే ప్రమాదం ఉండదని మనం అనుకున్నాం. కాలువ ఇంటి ముందే ఉన్న ఊళ్లో అది కుదరదు. బాబాయి ముందు వద్దంటాడు, మీరు వదలకండి. వాడికి ఈత వచ్చినా సరే, పెద్దవాళ్లు లేకుండా దిగకూడదని గట్టిగా చెప్పండి.

రెండోది, రేవు పక్కన ఉన్న చెట్టుకి మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా ఒకటి, పొడుగాటి నైలాన్ తాడు కట్టి వేలాడదీయించండి. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకేయకుండా ముందు అది విసరాలి. కాపాడబోయి దూకినవాళ్లు కూడా పోతుంటారు. ఆ డబ్బా ఎందుకో పిల్లలకి చెప్పి, ఎవరూ ఇంటికి పట్టుకుపోకుండా చూడండి. ఇలాంటివి రెండు రేవుల దగ్గరా ఉండాలి. డబ్బులు చెల్లికి పంపాను, తాడు మాత్రం నాసిరకంది కొనొద్దు.

పాదాల వాపు సంగతి మర్చిపోకుండా ఫోన్లో చెప్పండి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి