వార్షిక నివేదిక 2024–25: పెంగ్విన్ల ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈ ఏడాది నెలవారీ కూటాలన్నీ పెంగ్విన్ల మీదే నడిచాయి. కర్నూలులో కూర్చుని పెంగ్విన్ల గొడవ మనకెందుకని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే 18 జాతుల్లో మంచు మీద బతికేవి కొన్నే. దక్షిణాఫ్రికా తీరంలో, పెరూ ఎడారి ఒడ్డున, భూమధ్యరేఖ మీదున్న గాలపగోస్‌లో ఎండకు ఓర్చుకుంటూ గుడ్లు పొదిగే పెంగ్విన్లున్నాయి. ఎండ సంగతి మనకు ఒకరు చెప్పాలా?

ముందుగా ఒక సవరణ. మన ప్రదర్శనకు వేయించిన ఫ్లెక్సీలో పెంగ్విన్ పక్కన ధ్రువపు ఎలుగుబంటి వచ్చింది. అది ఉత్తరాన, ఇది దక్షిణాన ఉండేది. తప్పు కమిటీదే. ఫ్లెక్సీ తీసేశాం.

మంచు కథ చాలామందికి తెలిసిందే. ఎంపరర్ పెంగ్విన్ పిల్లకు నీళ్లు అంటని ఈకలు రాకముందే కాళ్ల కింద సముద్రపు మంచు విరిగితే పిల్ల చచ్చిపోతుంది. 2022లో అంటార్కిటికాను ఆనుకున్న బెల్లింగ్స్‌హాసెన్ సముద్రం దగ్గర ఈ పక్షులు గుంపుగా పిల్లల్ని పెంచే ఐదు స్థావరాలకు నాలుగింట్లో అదే జరిగింది. దీనికి కంచె వేసి, కాపలా పెట్టి చేయగలిగింది లేదు. మనుషులు చేతులతో సరిదిద్దగలిగిన పనులెక్కడున్నాయో అక్కడే ఎక్కువ సమయం పెట్టాం. అందుకే ఆఫ్రికన్ పెంగ్విన్‌ను ఎంచుకున్నాం. 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకు మార్చింది. గుడ్లు పెట్టే జంటలు పదివేల లోపే మిగిలాయి.

మొదటి దెబ్బ గూడు మీద పడింది. ఏళ్లతరబడి పేరుకున్న రెట్ట గట్టల్లో బొరియ తవ్వుకుని గుడ్లు పెట్టడం ఈ పక్షి అలవాటు. 19వ శతాబ్దంలో ఆ రెట్టను ఎరువు కోసం గీకి ఓడల్లో తరలించారు. పక్షి బయటి నేల మీద పడింది. ఎండ మండితే తల్లీతండ్రీ రొప్పి రొప్పి, తాళలేక నీళ్లలోకి దిగుతాయి. ఆ సందులో కడలి కాకులు (గల్ పక్షులు) గుడ్లెత్తుకుపోతాయి. మందు వేసినట్టుగా ఫైబర్‌గ్లాస్ పెట్టెలు పెడితే కొన్నిచోట్ల లోపల వేడి ఇంకా పెరిగింది. మట్టి మిద్దెలో పెరిగి రేకుల షెడ్డులోకి మారినవాళ్లకు ఇది విడమరచనక్కర్లేదు. ఇప్పటి కృత్రిమ గూళ్లకు రెండు పొరలు, మధ్యలో గాలి సందు, ఎండను తిప్పికొట్టే లేత రంగు పైపూత ఉంటాయి. జూన్ కూటంలో ఒక ప్లాస్టిక్ డబ్బానూ, ఒకదానిలో ఒకటి బోర్లించిన రెండు కుండలనూ మేడ మీద ఎండలో పెట్టి చేతులు దూర్చి చూశాం. డబ్బాలో చెయ్యి నిలవలేదు.

రెండో దెబ్బ తిండి మీద. సార్డిన్, ఆంచోవీ, అంటే మన కవళ్లు, నెత్తళ్ల వంటి చిన్న చేపలే దీని ఆహారం. ఏటా ఈకలు రాల్చుకునే మూడు వారాలూ నీళ్లలోకి దిగలేదు, ఏమీ తినలేదు. అంతకుముందు కొవ్వు పట్టకపోతే ఒడ్డునే ఎండిపోతుంది. స్థావరాల చుట్టూ వల నిషేధం పెట్టారు గానీ, పక్షులు నిజంగా వేటాడే నీళ్లు గీత బయటే ఉండిపోయాయి. పేరుకు నిషేధం, పక్షికి ఆకలి. పక్షుల సంరక్షణకు పనిచేసే బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా, శాన్‌కాబ్ సంస్థలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చి 18న ప్రిటోరియా హైకోర్టులో కుదిరిన ఒప్పందంతో ఆరు స్థావరాల చుట్టూ పదేళ్లపాటు ఈ రెండు చేపల కోసం సంచి వలలు (గుంపును చుట్టేసి అడుగు మూసేవి) వేయకూడదని తేలింది.

చమురు మాట. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ కేప్‌టౌన్ దగ్గర మునిగినప్పుడు సుమారు 19,000 పక్షులకు చమురంటింది. ఇంకా అంటని దాదాపు 19,500 పక్షులను పట్టి, దూరాన తూర్పు తీరంలో ఉన్న పోర్ట్ ఎలిజబెత్ దగ్గర వదిలారు. అవి ఈదుకుంటూ ఇంటికి చేరేలోగా నీళ్లు శుభ్రమవుతాయన్న లెక్క ఫలించింది.

కడగడం ఎలాగో డిసెంబరు కూటంలో ఈకలతో చేసి చూపాం. మళ్లీ చేయదలచినవారికి పద్ధతి ఇది. పొడి ఈక మీద నీటిచుక్క వేస్తే ముత్యంలా నిలుస్తుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ ఒక చుక్క రాశాక నీళ్లు లోపలికి ఇంకుతాయి. పెంగ్విన్ చలికి చచ్చేది ఇలాగే. మూడు టబ్బుల్లో 40 డిగ్రీల నీళ్లు, గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి, ఈక మొదలు నుంచి కొస వైపే వేళ్లతో నడపాలి. అడ్డంగా రుద్దితే ఈక పోగులను పట్టి ఉంచే సన్న కొక్కేలు ఊడి ఈక చీలుతుంది. చన్నీళ్లకు చమురు వదలదు. అందరూ తప్పేది చివర్లో. నురగ పోయిందనుకుని ఆపేస్తారు. సబ్బు మిగిలితే చుక్క మళ్లీ పరుచుకుంటుంది, అంటే కడిగీ లాభం లేదు. చుక్క దొర్లేదాకా మంచినీళ్లు పోయాలి. నిజమైన పక్షిని మాత్రం వచ్చిన వెంటనే కడగరు. వెచ్చగా ఉంచి, గొట్టంతో ద్రవాలు పట్టి, కోలుకున్నాకే టబ్బులో దించుతారు. తొందరపడితే ఆ బెదురుకే చచ్చిపోతుంది. మిగిలిన ఆయిల్ కాలువలో పోయలేదు, మెకానిక్ షెడ్డుకే తిరిగిచ్చాం.

వచ్చే ఏడాది ఇంటి సంగతి: 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే పెట్టే ఆ పక్షికి ఎగిరేటప్పుడు ముందున్న కరెంటు తీగ సరిగా కంటికి ఆనదు, తగిలి చస్తుంది. తీగలు దానికి కనబడేలా గుర్తులు ఎలా వేస్తారో అక్కడి నుంచే మొదలుపెడదాం.

జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. ఈకల ప్రదర్శన మళ్లీ కావాలని మూడు శాఖలు అడిగాయి. ఈసారి కోడి ఈకలు కాదు, బాతు ఈకలు తెండి. కోడి ఈక మీద చుక్క అంత బాగా నిలవడం లేదు.

కార్యవర్గం, కర్నూలు