ఖాళీ జవాబు వస్తే టేబుల్ లేనట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల ఉద్యోగ పేజీల్లో వచ్చే డేటాబేస్ పాఠాలు సెలెక్ట్, జాయిన్‌ల దగ్గరే ఆగిపోతున్నాయి. స్టోర్డ్ ప్రొసీజర్‌ని (డేటాబేస్‌లోనే దాచి ఉంచే ప్రోగ్రామ్‌ని) జావా నుంచి పిలవడం, అది ఉందో లేదో, ఏ పారామీటర్లు అడుగుతుందో డేటాబేస్‌నే అడిగి తెలుసుకోవడం కూడా దయచేసి రాయించండి. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారేటప్పుడు కొత్తవాళ్లు తడబడేది అక్కడే.

ఏ టేబుళ్లున్నాయో చెప్పే జావా మెథడ్ గెట్‌టేబుల్స్‌కి పేరిచ్చి అడుగుతారు, ఒక్క వరుసా రాదు. టేబుల్ లేదనుకుని మళ్లీ సృష్టించబోతారు. అసలు తేడా అక్షరాల్లో ఉంటుంది. కోట్స్ లేకుండా పెట్టిన పేరును ఒరాకిల్ క్యాపిటల్ అక్షరాల్లో, పోస్ట్‌గ్రెస్ స్మాల్ అక్షరాల్లో దాచుకుంటాయి. అడిగే పేరూ అలాగే ఉండాలి. ఇంకో చిక్కు అండర్‌స్కోర్. ఇలా అడిగే పేరులో దానికి ‘ఏదో ఒక అక్షరం’ అని అర్థం కాబట్టి సంబంధం లేని టేబుళ్లూ వచ్చి పడతాయి. దాన్ని మామూలు అండర్‌స్కోర్‌గానే చూడాలంటే గెట్‌సెర్చ్‌స్ట్రింగ్‌ఎస్కేప్ అనే మెథడ్ ఇచ్చే గుర్తును దానిముందు చేర్చాలి. ప్రొసీజర్ల పారామీటర్లు చెప్పే గెట్‌ప్రొసీజర్‌కాలమ్స్‌కీ ఇవే నియమాలు. టేబుళ్లు, ప్రొసీజర్ల వివరాలుండే పోస్ట్‌గ్రెస్ ఇన్ఫర్మేషన్ స్కీమా అయితే, లాగిన్ అయిన యూజర్‌కి హక్కున్న వాటినే చూపిస్తుంది. ఖాళీ వస్తే ముందు హక్కులు చూడాలి. ఒరాకిల్‌లో ఆ స్కీమానే లేదు, పారామీటర్ల కోసం ఆల్ ఆర్గ్యుమెంట్స్ వ్యూని అడగాలి.

ఇక పిలవడం. పోస్ట్‌గ్రెస్‌లో ప్రొసీజర్లు 2018లో, 11వ వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు ఫంక్షన్లే. పోస్ట్‌గ్రెస్ జేడీబీసీ డ్రైవర్ (జావాను డేటాబేస్‌తో కలిపేది) ఇప్పటికీ, ఫ్లవర్ బ్రాకెట్లలో రాసిన కాల్‌ను మనం ఏమీ చెప్పకపోతే సెలెక్ట్‌గా మార్చి పంపుతుంది. ఫంక్షన్‌కి అది నడుస్తుంది, ప్రొసీజర్‌కి ఎర్రర్ వస్తుంది. కనెక్షన్ యూఆర్‌ఎల్‌లో ఎస్కేప్‌సింటాక్స్‌కాల్‌మోడ్‌కి కాల్‌ఇఫ్‌నోరిటర్న్ అని ఇస్తే, తిరిగి విలువ అడగని పిలుపు కాల్‌గానే వెళుతుంది. కోడ్ మార్చక్కర్లేదు.

అవుట్ పారామీటర్లను (ప్రొసీజర్ తిరిగి విలువలిచ్చేవాటిని) ఎగ్జిక్యూట్‌కి ముందే రిజిస్టర్ చేయాలి. ప్రొసీజర్ రిజల్ట్ సెట్లు (వరుసల జాబితాలు) కూడా ఇస్తే ముందు వాటిని చివరిదాకా చదివి, ఆ తర్వాతే అవుట్ విలువలు తీసుకోవాలి. ఏ డేటాబేస్‌కి మారినా ఈ వరుస చెడదు. అంకెను చదివే గెట్‌ఇంట్, నల్‌ని (విలువే లేకపోవడాన్ని) 0గా ఇస్తుంది. వెంటనే వాజ్‌నల్ అడగకపోతే, బాకీ లేని ఖాతాకీ, బాకీ వివరమే ఎక్కని ఖాతాకీ ప్రోగ్రామ్‌లో తేడా ఉండదు.

ఇట్లు,
ఒక డేటాబేస్ ప్రోగ్రామర్, హైదరాబాద్