‘లో’ అంటే ఎప్పుడూ ‘ఇన్’ కాదు

సంపాదకులకు నమస్కారం.

మన పిల్లలు ఇంగ్లీషులో తడబడేది పెద్ద పదాల దగ్గర కాదు. ఇన్, ఆన్, ఎట్ దగ్గర. అందుకు కారణం మన ‘లో’. కారులో, బస్సులో, మూడో అంతస్తులో, బస్టాపులో అంటూ తెలుగు ఒక్క ప్రత్యయంతో సరిపెడుతుంది. ఇంగ్లీషులో కారుకు ఇన్, బస్సుకూ అంతస్తుకూ ఆన్, బస్టాపుకు ఎట్. లేచి నడవగలిగే బస్సు, రైలు, ఓడలకు ఆన్. వంగి దూరి కూర్చునే కారు, ఆటోలకు ఇన్ అని చెబితే ఇట్టే పట్టుబడుతుంది.

చోటును ఎలా చూస్తున్నామన్నదే అసలు సంగతి. కురుసుర జలాంతర్గామి మ్యూజియం ‘ఇన్ విశాఖపట్నం’, ‘ఆన్ బీచ్ రోడ్’. దాని గేటు ముందు కలుద్దామంటే ‘ఎట్ ది గేట్’. హద్దులున్న ఊరికి ఇన్, గీతలా సాగే దారికి ఆన్, గుర్తుగా చెప్పే బిందువుకు ఎట్.

ఎక్కువగా దెబ్బతీసేది ‘దగ్గర’. ఆర్టీసీ బస్టాండైన కాంప్లెక్స్‌లోనే నిలబడి కూడా ‘కాంప్లెక్స్ దగ్గరున్నా’ అంటాం. దాన్ని ‘నియర్’ అని మారిస్తే అవతలి మనిషి చుట్టుపక్కల వీధుల్లో వెతుకుతాడు. అక్కడ ‘ఎట్’ అనాలి.

‘మీద’ కూడా అంతే. చెట్టు మీద పిట్ట ‘ఇన్ ది ట్రీ’, కొమ్మల నడుమ ఉంటుంది గనుక. కొమ్మను అంటుకున్న పండు మాత్రం ‘ఆన్ ది ట్రీ’.

ఉపాధ్యాయులకు మా మనవి: ఖాళీలు పూరించడంతో ఆపకండి. విశాఖ పటం చేతికిచ్చి, ఏది ఎక్కడుందో పిల్లల నోటే చెప్పించండి.

– ఆంగ్ల ఉపాధ్యాయులు, విశాఖపట్నం