దుకాణంలో తొలి ఉద్యోగం: ఇంటర్వ్యూకు ముందు ఇంట్లో తేల్చుకోవలసినవి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

చివరి సంవత్సరం పరీక్షలు ముగింపుకు వచ్చాయి. పై చదువులు మొదలయ్యేలోగా, లేదా వాటితో పాటుగా, ఏదైనా స్టోర్‌లో పనికి చేరాలనుకునే పిల్లలు ఈసారి ఎక్కువగానే ఉన్నారు. ధ్రువపత్రాల కోసం ఆఫీసు గదికి వచ్చినవాళ్లంతా "ఇంటర్వ్యూలో ఏమడుగుతారు మేడమ్?" అని అడిగే వెళుతున్నారు. మీలోనూ కొందరు ఫోను చేసి అదే అడిగారు కాబట్టి ఈ నెల ఉత్తరం ఆ సంగతికే కేటాయిస్తున్నాను.

బట్టల షాపైనా, చెప్పుల షాపైనా, సరుకుల స్టోరైనా, తొలి ఉద్యోగానికి వచ్చేవాళ్లకు అమ్మకాల్లో అనుభవం ఉంటుందని ఎవరూ అనుకోరు. బిల్లింగ్ ఎలా చేయాలో వాళ్లే నేర్పుతారు. మాట్లాడేది సాధారణంగా స్టోర్ మేనేజరో, సూపర్‌వైజరో. పావుగంట, మహా అయితే అరగంట. మధ్యలో ఎవరో వచ్చి తాళాలు అడుగుతారు, ఫోను మోగుతుంది. స్టాకు గదిలో అట్టపెట్టెల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టినా పిల్లలు కంగారు పడకూడదు. ఒకేసారి చాలామందిని తీసుకునే పెద్ద స్టోర్లు కొన్నిసార్లు అందరినీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడిస్తాయి. అక్కడ గొంతు పెద్దదైతే చాలనుకునే పిల్లలు మన బడిలో కొందరున్నారు, పేర్లు చెప్పను. పక్కవాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఎవరు వింటున్నారో కూడా మేనేజర్లు గమనిస్తారు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న చాలా మామూలుగా వస్తుంది: "ఏ రోజుల్లో, ఏ వేళల్లో రాగలవు?" జనానికి సెలవైన రోజే దుకాణానికి పని ఎక్కువ. సాయంత్రాలు, వారాంతాలు, పండుగల ముందు రోజులు అన్నీ అందులోకే వస్తాయి. ఉద్యోగం దొరికితే చాలన్న ఆత్రంలో పిల్లలు "ఎప్పుడైనా వస్తానండీ" అనేస్తారు. చేరిన రెండో వారంలోనే ఆదివారం బంధువుల పెళ్లనో, క్లాసుందనో సెలవు అడుగుతారు. వాళ్లను నమ్మి షిఫ్టుల పట్టిక వేసుకున్న మేనేజర్‌కు ఒళ్లు మండుతుంది. పైగా తలుపులు మూయగానే పని అయిపోదు. గల్లా లెక్క చూడాలి, చెల్లాచెదురైన సరుకు అరల్లో సర్దాలి. అంత రాత్రివేళ మీ అమ్మాయో అబ్బాయో ఇంటికి ఎలా వస్తారు? ఇది మీ ఇంట్లో తేలవలసిన విషయం. ఇంటర్వ్యూకు ముందు రోజే ఒక కాగితం మీద వారంలోని ఏడు రోజులూ రాసి, ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా వీలవుతుందో కలిసి నింపండి. "మంగళ, గురువారాల్లో సాయంత్రం రాలేను, మిగతా రోజులు వస్తాను" అని తేల్చి చెప్పినవాళ్ల మాట మీద మేనేజర్‌కు గురి కుదురుతుంది. 18 ఏళ్లు నిండనివాళ్ల పని గంటలకూ రాత్రి షిఫ్టులకూ చట్టం హద్దులు పెట్టి ఉండవచ్చు, అవి కూడా తెలుసుకుని ఉండండి.

"మా స్టోర్‌లోనే ఎందుకు?" అనీ అడుగుతారు. ముందుగా ఒకసారి మామూలు కొనుగోలుదారులా వెళ్లి చూసి వస్తే జవాబు దానంతటదే దొరుకుతుంది.

తరువాత వచ్చేవి "ఇలా జరిగితే ఏం చేస్తావు?" అనే ప్రశ్నలు. ఒకాయన బిల్లు లేకుండా వస్తువు తెచ్చి, డబ్బు వాపసు ఇమ్మని కేకలు వేస్తున్నాడు. మన పిల్లల్లో సగం మంది ఆయనతో వాదిస్తామంటారు, మిగతా సగం డబ్బు ఇచ్చేస్తామంటారు. మేనేజర్ వినాలనుకునేది వేరు: ఆయన చెప్పేది చివరి దాకా వింటాను, కలిగిన ఇబ్బందికి మన్నించమంటాను, బిల్లు లేని వాపసు నా చేతిలో లేదు కాబట్టి సూపర్‌వైజర్‌ను పిలుస్తాను. తన అధికారం ఎంతవరకో తెలిసిన మనిషి కౌంటర్‌లో ఉండాలని వాళ్ల కోరిక.

ఇంకో ప్రశ్న పిల్లలకు నిజంగా ఇబ్బందికరం. తోటి ఉద్యోగి తన స్నేహితుడు తెచ్చిన వస్తువుల్లో ఒకటి బిల్లు వేయకుండా సంచిలో పెట్టడం నీ కంట పడింది, అప్పుడేం చేస్తావు? చాడీలు చెప్పకూడదని మనమే నేర్పాం కదా! కానీ సరుకు తగ్గడమన్నది దుకాణాలకు నిత్యం ఉండే తలనొప్పి. దొంగతనం, పాడైపోవడం, లెక్క తప్పడం, లోపలివాళ్ల చేతివాటం అన్నీ కలిసి లాభాన్ని తినేస్తాయి. "మేనేజర్‌కు విడిగా చెబుతాను" అన్నదే సరైన జవాబు. ఎందుకో కూడా ఇంట్లో మాట్లాడండి, బట్టీ పట్టిన జవాబు రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

కౌంటర్ పనికైతే చిల్లర లెక్క అడగవచ్చు. బిల్లు 63, చేతికి వచ్చింది 100. తీసివేత కన్నా పైకి లెక్కపెడుతూ ఇవ్వడం తేలిక: రెండు ఇస్తే అరవై అయిదు, అయిదు ఇస్తే డెబ్బై, ముప్ఫై ఇస్తే వంద. అదే మనిషి 103 ఇస్తే తెల్లమొహం వేసే పిల్లలున్నారు. ఆయనకు తిరిగి ఇవ్వాల్సింది సరిగ్గా 40. ఇంట్లో నాణేలు పరిచి ఆడించండి.

శుభ్రమైన బట్టలు, గంటల తరబడి నిలబడేందుకు వీలైన చెప్పులు, గుర్తింపు పత్రం చాలు. మీరు మాత్రం బయటే ఆగండి. కూతురి బదులు తండ్రి జవాబులు చెప్పే ఇంటర్వ్యూ ఎలా ముగుస్తుందో ఊహించగలరు. జీతం ఏ తేదీన ఇస్తారు, శిక్షణ రోజులకు జీతం ఉంటుందా, యూనిఫాం ఖర్చు ఎవరిది అన్నవి చివర్లో పిల్లలే అడగాలి, అడిగితే తప్పు పట్టేవాళ్లుండరు. ఉద్యోగం ఇవ్వడానికి డిపాజిట్ కట్టమంటే మాత్రం మారు మాట్లాడకుండా లేచి రమ్మనండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం గ్రంథాలయంలో నమూనా ఇంటర్వ్యూలు జరుపుతున్నాం. కేకలు వేసే కస్టమర్ పాత్రకు మన లెక్కల మాస్టారు అవసరానికి మించిన ఉత్సాహంతో ఉన్నారు. నడవడిక గురించి పాఠశాల తరఫున లేఖ కావలసినవాళ్లు స్టోర్ పేరు, పని వివరం రాసి రెండు రోజుల ముందే ఆఫీసులో ఇవ్వాలి. ఇంటర్వ్యూ ఉదయం గేటు దగ్గర అడిగితే సంతకం పెట్టలేను.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు