విమానం కూలింది సిగ్నల్ పోయి కాదు, కరెంటు చాలక

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ టెక్ ఫెస్ట్ వార్త చదివాను. విద్యార్థులు తయారుచేసిన రేడియో కంట్రోల్ విమానం ‘సిగ్నల్ అందక’ కూలిపోయిందని రాశారు. ఆ రోజు నేను ఆ మైదానంలోనే ఉన్నాను. సిగ్నల్ బాగానే అందింది. మీ విలేకరి తప్పేమీ లేదు, అక్కడ మైకులో చెప్పిందే ఆయన రాశారు. కానీ ఎక్కడ మోడల్ కూలినా ఇదే మాట వినిపిస్తోంది, ఆ మాట అనేసుకున్నాక అసలు తప్పు ఎవరూ వెతకరు, తర్వాతి విమానం కూడా అదే తప్పుతో పైకి లేస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

కూలిన చోటికి ముందుగా పరిగెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. బాల్సా అనే తేలిక చెక్కతో చేసిన రెక్క రెండు ముక్కలైంది, ముక్కు మట్టిలో దిగబడింది, బ్యాటరీ వైర్లు మాత్రం ఊడలేదు. విమానంలో రిమోట్ ఆజ్ఞలు అందుకునే రిసీవర్ మీద చిన్న ఎర్ర లైటు నిలకడగా వెలగాలి, అది మెల్లగా వెలిగి ఆరుతోంది. ఆ రకం రిసీవర్‌లో అలా మిణుకుతుంటే ఆన్ చేశాక మధ్యలో ఎప్పుడో దానికి కరెంటు తెగి మళ్లీ వచ్చిందని అర్థం. నేలకు కొట్టుకున్నప్పుడే తెగిందేమో అనే అనుమానం నాకూ వచ్చింది. పక్కనే ఉన్న, మోటారు వేగాన్ని అదుపుచేసే స్పీడ్ కంట్రోలర్ మీద వేలు పెట్టాను, పెట్టినంత వేగంగా తీసేశాను, అంత కాలుతోంది.

“సార్, సిగ్నల్ కట్ అయింది” అన్నాడు విమానం నడిపిన అబ్బాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మూడు నెలలు కష్టపడ్డారు మరి. “ఒకసారి చూద్దాం బాబూ, ఏదీ పారేయకండి” అన్నాను.

మర్నాడు వాళ్ల ల్యాబ్‌లోనే అదే బ్యాటరీ, అదే కంట్రోలర్, అవే నాలుగు సర్వోలు (రెక్కల, తోక పలకల్ని తిప్పే చిన్న మోటార్లు) టేబుల్ మీద కలిపాం. రిమోట్ స్టిక్కులు కదపనప్పుడు రిసీవర్‌కు 5 వోల్టులు వస్తోంది. రెండు స్టిక్కులూ ఒక్కసారిగా తిప్పుతూ, గాలి ఒత్తిడికి బదులు సర్వో చేతుల్ని వేళ్లతో ఆపి పట్టుకుంటే 3.2కి జారింది. ఆ రిసీవర్‌కు కనీసం 3.5 కావాలి. లైటు మిణుకుమనడం మొదలైంది, పిల్లలందరూ చూశారు. ట్రాన్స్‌మిటర్, అంటే చేతిలో పట్టుకునే రిమోట్, రెండడుగుల దూరంలో ఉంది! అంత దగ్గర్లో సిగ్నల్ అందకపోవడమేమిటి?

ఇలా వోల్టులు చాలక రిసీవర్ ఆగిపోయి మళ్లీ మొదలవడాన్ని బ్రౌనౌట్ అంటారు. ఎలక్ట్రిక్ మోడళ్లలో మోటారుకూ రిసీవర్‌కూ బ్యాటరీ ఒకటే. 11.1 వోల్టుల లైపో బ్యాటరీ నుంచి రిసీవర్‌కు 5 వోల్టులు తగ్గించి ఇచ్చే చిన్న సర్క్యూట్ స్పీడ్ కంట్రోలర్‌లోనే ఉంటుంది, బీఈసీ అంటారు. చవక రకాల్లో అది మిగిలిన వోల్టులన్నీ వేడిగా మార్చేస్తుంది. 2 ఆంపియర్లు లాగితే 12 వాట్ల వేడి, అదీ అగ్గిపెట్టెకన్నా చిన్న ముక్కలో, గాలి ఆడకుండా ప్లాస్టిక్ తొడుగు వేసి. దానికి నాలుగు మెటల్ గేర్ డిజిటల్ సర్వోలు తగిలించి నిటారు మలుపు తిప్పితే ఏమవుతుందో ఆ రోజు చూశాం. దానికి మందు ఖరీదైన రిమోట్ కాదు, విడిగా, అంతగా వేడెక్కని ఒక స్విచింగ్ రకం బీఈసీ, మంచి కనెక్టర్లు, తగినంత మందం వైర్లు.

నాకు పాత సెట్లు తెలుసు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒకప్పుడు అమెరికాలో 72 మెగాహెర్ట్జ్, బ్రిటన్‌లో 35 మెగాహెర్ట్జ్ సెట్లు వాడేవాళ్లు, విదేశాల నుంచి ఎవరైనా తెచ్చిస్తే మన దగ్గరా అవే. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ అనే చిన్న ముక్క మార్చి చానల్ మార్చుకోవాలి. మీటరు పొడవు ఏరియల్ లాగి పట్టుకోవాలి. మైదానంలో ఒక బోర్డు పెట్టి, ఏ చానల్ ఎవరు వాడుతున్నారో బట్టలకు పెట్టే క్లిప్పులతో గుర్తు పెట్టుకునేవాళ్లం. అది చూడకుండా ఎవరైనా అదే చానల్ ఆన్ చేస్తే పైనున్న విమానం అక్కడికక్కడే అయిపోయినట్టే. అప్పట్లో ‘సిగ్నల్ పోయింది’ అంటే నిజంగానే పోయేది.

2005 ప్రాంతంలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఆ బోర్డు అవసరం తీరిపోయింది. మన దేశంలోనూ తక్కువ శక్తి పరికరాలకు ఆ బ్యాండ్‌ను లైసెన్సు లేకుండా వదిలింది 2005లోనే. ఇప్పటి సెట్లలో రెండిటినీ మొదటిసారి జతచేసినప్పుడే (బైండ్ అంటారు) రిసీవర్ తన ట్రాన్స్‌మిటర్ కోడ్ గుర్తుపెట్టుకుంటుంది, పక్కన పదిమంది ఆన్ చేసినా వాళ్ల మాట వినదు. పైగా ట్రాన్స్‌మిటరూ రిసీవరూ కలిసికట్టుగా సెకనుకు ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తుంటాయి, ఒకచోట వైఫై అడ్డం వచ్చినా మరుక్షణం ఇంకోచోట ఉంటాయి. సినిమా నటి హెడీ లామార్, స్వరకర్త జార్జ్ యాంథైల్ కలిసి 1942లో పేటెంట్ పొందింది ఇలాంటి ఆలోచనకే, అదీ రేడియోతో నడిపే టార్పెడోను శత్రువు అడ్డుకోకుండా ఉండటానికి. వాళ్లు పియానో మెట్ల లెక్కనే 88 ఫ్రీక్వెన్సీలు అనుకున్నారు. ఈ సంగతి చెబితే ఆ పిల్లల మొహాలు వెలిగిపోయాయి, అందుకే ఇక్కడా రాస్తున్నాను.

అలాగని రేడియోకు తిరుగే లేదని అనను. 2.4 గిగాహెర్ట్జ్‌ను తడి చెట్లు, మన ఒళ్లు, కార్బన్ ఫైబర్ బాగా అడ్డుకుంటాయి. రిసీవర్‌కు ఉన్న రెండు యాంటెన్నాలూ ఒకదానికొకటి అడ్డంగా, ఎల్ ఆకారంలో ఉండాలి. కార్బన్ బాడీ అయితే వాటి కొసలు బయటికి రావాలి. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా మొనను విమానం వైపు తుపాకీలా గురిపెట్టకూడదు, మొన వైపుకే సిగ్నల్ అన్నిటికన్నా తక్కువగా వెళ్తుంది. ఇంకొకటి, ఈమధ్య కుర్రాళ్లు ఎక్కువ దూరం కోసం 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు తెప్పించుకుంటున్నారు. అమెరికాలో 902 నుంచి 928 వరకు లైసెన్సు అక్కర్లేదు, ఇక్కడ 890–915 సెల్ కంపెనీలకిచ్చింది. అది వాడటం తప్పు, పైగా చుట్టూ ఫోన్లున్నచోట ప్రమాదం కూడా. మనకు లైసెన్సు లేకుండా వదిలింది 865–868, దానికి తగ్గ సెట్టింగ్ ఆ మాడ్యూళ్లను నడిపే ఎక్స్‌ప్రెస్ఎల్ఆర్ఎస్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది.

ఫెస్ట్‌లు నడిపే లెక్చరర్లను నేను అడిగేది రెండే. మొదటిది రేంజ్ చెక్. ట్రాన్స్‌మిటర్‌లో పవర్ తగ్గించే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టి ముప్పై అడుగులు వేసి దూరంగా వెళ్లి, ఒకరు విమానాన్ని గట్టిగా పట్టుకుని మోటారు తిప్పుతుండగా అన్ని సర్వోలూ కదిపి చూడాలి. మోటారు ఆపి చేస్తే సగం తప్పులు బయటపడవు. రెండోది ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ తెగితే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు. ప్రొపెల్లర్ ఊడదీసి, మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. మోటారు ఆగిందా, సరే. ఆగకుండా తిరుగుతూనే ఉందా, ఆ విమానాన్ని ఆ రోజు ఎగరనివ్వకండి. చివరి ఆజ్ఞనే పట్టుకుని ఉండే ‘హోల్డ్’ సెట్టింగ్‌తో కొన్ని రిసీవర్లు వస్తాయి, మోటారు పూర్తి వేగంలో ఉన్నప్పుడు లింకు తెగితే అది అలాగే జనం మీదికైనా వెళ్తుంది. ఆ రోజు కూలిన విమానం రెండు కిలోలుంది. తాడు కట్టిన గీత దగ్గర్నుంచి ఇరవై అడుగుల్లో పడింది, గీత అవతల స్కూలు పిల్లలు కూర్చుని ఉన్నారు. ఈ రెండు పరీక్షలూ చేశారా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇంకో మాట. ఆ కుర్రాళ్లు రిసీవర్ పాడైందని పక్కన పడేయబోతే ఆపాను. విడిగా మంచి బ్యాటరీ ఇచ్చి, వేసవిలో ఎండిన మా ఊరి చెరువులో అర కిలోమీటరు దూరం నుంచి పరీక్షించాం, ఒక్కసారి కూడా తడబడలేదు. దాన్నే కొత్త విమానంలో పెడుతున్నారు. ఈసారి బీఈసీ వేరేది.

— ఏరోమోడలింగ్ చేసే ఒక పాఠకుడు, హనుమకొండ