వైరస్ లెక్క జిల్లాలోనే తేలాలి: ఆరోగ్య శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

గర్భిణి అయిన మా చెల్లెలికి ఆరో నెలలో, కాలేయానికి సోకే హెపటైటిస్ బి వైరస్ ఉందని తేలింది. కార్డు మీద రక్తపు చుక్క వేసిన పావుగంటకు రెండు ఎర్ర గీతలు కనిపించాయి. అవి వైరస్ ఉందని చెబుతాయి, ఎంత ఉందో చెప్పవు. అది తేల్చేది పీసీఆర్ పద్ధతిలో చేసే డీఎన్‌ఏ పరీక్ష. మిల్లీలీటరు రక్తంలో వైరస్ 2 లక్షల అంతర్జాతీయ యూనిట్లు దాటితే, బిడ్డకు సోకకుండా తల్లికి టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెట్టాలి. బిడ్డకు 24 గంటల్లోపు టీకా ఎలాగూ తప్పదు.

మా నమూనా వేరే నగరానికి వెళ్లింది. ఫలితానికి 19 రోజులు పట్టింది. నెలలు నిండుతున్న తల్లికి అవి ఎలా గడిచాయో ఇంట్లో మేమందరం చూశాం. తీరా వచ్చిన కాగితంలో లెక్క కాపీల్లో (వైరస్ డీఎన్‌ఏ ప్రతుల సంఖ్యలో) ఉంది, డాక్టరుకు కావలసింది అంతర్జాతీయ యూనిట్లలో. ఒక యూనిట్ దాదాపు 5 కాపీలకు సమానం, అదీ కిట్‌ను బట్టి మారుతుంది.

జిల్లాల్లో క్షయ పరీక్షలకు వాడే ట్రూనాట్, జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాలు ఈ వైరస్‌నూ లెక్కించగలవు. మేం కొత్త భవనాలు అడగడం లేదు. ఆ యంత్రాలకు హెపటైటిస్ బి చిప్‌లు, కార్ట్రిడ్జ్‌లు పంపించండి. ప్రతి ల్యాబూ యూనిట్లలోనే ఫలితమివ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. గర్భిణుల నమూనాలు ముందు వరుసలో ఉండాలి.

ఇట్లు,
ఒక అన్న