మస్టాంగ్‌ని ఏమీ అనొద్దురా మురళీ

నోవై, మిషిగన్

ఒరేయ్ మురళీ,

నువ్వు చూడమన్న ‘రోనిన్’ సినిమా చూసేశాన్రా. పారిస్ ఛేజింగ్ గురించి నువ్వు రాసిందంతా నిజమే. ముందు బీఎండబ్ల్యూ ఎం5, వెనక ప్యూజో 406, సొరంగంలో ఎదురుగా వచ్చే బండ్ల మధ్యలోంచి రెండూ దూసుకుపోతుంటే కుర్చీ అంచుకి వచ్చేశాను. ఆ సీను ఎలా తీశారో తెలుసా? కుడివైపు స్టీరింగ్ ఉన్న కార్లు తెచ్చి, కుడి సీట్లో స్టంట్ డ్రైవర్ నిజంగా నడుపుతుంటే, నటులు ఎడమవైపు కూర్చుని ఉత్తుత్తి స్టీరింగ్ తిప్పారు. బండి మాత్రం నిజంగానే ఆ వేగంలో పోతోంది. ఆ మొహాల్లో కనిపించే భయం అందుకే అంత బాగుంది.

కానీ జర్మనీలో కూర్చుని, ఆ సీను చూపించి ‘కారంటే యూరప్‌దే’ అని రాశావు చూడు, అక్కడే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ సినిమా తీసింది ఎవర్రా? జాన్ ఫ్రాంకెన్‌హైమర్, న్యూయార్క్‌వాడు. యూరప్ కారు సన్న సందుల్లో ఎలా మెలికలు తిరుగుతుందో మనసుపడి చూపించింది ఒక అమెరికావాడు.

నువ్విప్పుడు ‘బుల్లిట్’ చూడాలి. 1968 నాటిది. శాన్ ఫ్రాన్సిస్కో కొండ వీధుల్లో ఆకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్, నల్ల డాడ్జ్ ఛార్జర్. ఛార్జర్ నడిపేవాడు తాపీగా సీటు బెల్టు పెట్టుకుంటాడు. ఆ తర్వాత అప్పటిదాకా వస్తున్న మ్యూజిక్ ఆగిపోతుంది, ఇక వినపడేదల్లా ఇంజిన్లూ టైర్లే. మంచి స్పీకర్లలో విను, ఫోన్లో మాత్రం చూడకు. మెరక దాటగానే మస్టాంగ్ గాల్లోకి లేచి, ధబ్బున కిందపడి, స్ప్రింగుల మీద ఊగి మళ్లీ నిలదొక్కుకుంటుంది. ఆ బరువుని అంత బాగా చూపించిన పీటర్ యేట్స్ ఇంగ్లండువాడు. ఎవరి కార్ల అందం వాళ్లకంటే బయటివాళ్లకే ముందు కనపడిందని నాకనిపిస్తుంది. అన్నట్టు ఆ ఛేజింగ్‌లో ఒక ఆకుపచ్చ వోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని మళ్లీ మళ్లీ దాటుతుంటారు. ఒకే పరుగుని వేరువేరు కెమెరాలతో తీసి కలపడం వల్ల అలా జరిగింది. ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి రాయి.

మస్టాంగ్‌ది ఎడ్లబండి ఇరుసని వెక్కిరించావు. నిజమే, మామూలు మస్టాంగ్‌కి 2015 మోడల్ దాకా వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకటే ఇరుసు ఉండేది. ఒక చక్రం గుంతలో పడితే రెండోదీ కదులుతుంది. మీ బ్లాక్ ఫారెస్ట్ మలుపుల్లో అది తేలిపోతుంది, కాదనను. కానీ ఆ ఇరుసు చవక, గట్టిది, నేరుగా తన్నుకుపోవడానికి భేషైనది. 1964లో మస్టాంగ్ మొదటి ధర 2,368 డాలర్లు. అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రాడు, స్కూల్ టీచరు కూడా కొనగలిగిన బండి. రెండేళ్లు తిరక్కుండానే పది లక్షల కార్లు తయారయ్యాయంటే ఊరికే కాదు. అందమైన కారు డబ్బున్నవాడికే ఎందుకుండాలి అన్న ప్రశ్న అందులో ఉంది. నాకు అమెరికన్ కార్ల మీద ఇష్టం అక్కణ్ణించే పుట్టింది.

నువ్వేమో తేడా అంతా ఇంజినీర్ల తెలివిలో ఉందంటావు. నేను ఒప్పుకోను. రోడ్డూ, పన్నూ ఎలా ఉంటే కారు అలా తయారవుతుంది. మీ దగ్గర పెట్రోలు ధరలో సగం దాకా పన్నులే, ఇంజిన్ సైజుని బట్టి ఏటా ఇంకో పన్ను. ఇక ఇంజినీరు చిన్న ఇంజిన్లోంచి చివరి బొట్టు దాకా పిండక చస్తాడా? ఇక్కడ పెట్రోలు చవక, రోడ్డు తిన్నగా గంటల తరబడి పోతుంది. దానికి కావలసింది మెత్తటి సీటు, తొందరపడని పెద్ద ఇంజిన్. మార్చిలో మంచు కరిగి మా రోడ్లు ఎలా గుంతలు పడతాయో నువ్వు చూడలేదు. మీవాళ్లు ముచ్చటపడే ఆ సన్నటి అంచు టైర్లు ఇక్కడ రిమ్‌తో సహా పోతాయి.

పికప్ ట్రక్కుల సంగతైతే ఇంకా ఉంది. 1960ల మొదట్లో అమెరికా నుంచి వచ్చే చవక కోడిమాంసం మీద యూరప్ సుంకం పెంచింది. దానికి బదులుగా జాన్సన్ ప్రభుత్వం బయటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. దెబ్బ తగిలింది మీ వోక్స్‌వ్యాగన్ వ్యాన్లకి. కోళ్ల గొడవ ఏనాడో చల్లారింది గానీ ఆ సుంకం 1964 నుంచి అలాగే ఉండిపోయింది. ఇక్కడ ప్రతి ఇంటి ముందూ ట్రక్కు కనపడటంలో దాని పాత్ర చిన్నది కాదు.

ఒక్క విషయంలో మాత్రం మీ జర్మనీకి దణ్ణం పెడతాను. రెండేళ్లకోసారి ప్రతి కారునీ టూఫ్ అనే తనిఖీ సంస్థ వాళ్ల దగ్గరికి పట్టుకెళ్లి, బ్రేకులూ లైట్లూ అడుగుభాగమూ అన్నీ చూపించాలని రాశావు కదా. మిషిగన్‌లో అలాంటి తనిఖీయే లేదు. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది ఇనుముని తినేస్తుంది. తుప్పుపట్టి, తలుపు కింద చెయ్యిపట్టేంత చిల్లు పడ్డ బండ్లు హైవే మీద గంటకి 70 మైళ్ల వేగంతో నా పక్కనుంచి పోతుంటాయి. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అలాంటి బండి వెనక వెళ్తుంటే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇంకోటి, ఇక్కడ వెనక ఇండికేటర్ ఎర్రగా ఉన్నా చెల్లుతుంది. బ్రేకు వేశాడా, తిరుగుతున్నాడా అని ఒక్క క్షణం ఆలోచించాలి. మీకున్నట్టు నారింజ రంగే ఉండాలని ఇక్కడా రూలు పెడితే ఏం పోతుంది?

‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ చూశానన్నావు, బాగానే ఉందని ఒక్క ముక్కలో తేల్చేశావు. మళ్లీ చూడు, ఈసారి బ్రేకుల కోసం చూడు. ఫ్రాన్స్‌లోని లె మాన్ పందెంలో ఆ పొడుగాటి దారిలో గంటకి 200 మైళ్లు దాటిన బండి, చివర్లో సందు మలుపు తిరిగినంత నెమ్మదికి రావాలి. అదీ 24 గంటలపాటు. ఏడు లీటర్ల ఇంజిన్ పెట్టుకున్న బరువైన ఫోర్డ్ జీటీ40కి ఏ బ్రేకు డిస్కూ అంతసేపు ఆగదు, ఎర్రగా కాలి పగిలిపోతుంది. అందుకని పిట్‌లోకి రాగానే డిస్కులూ ప్యాడ్లూ మొత్తం చకచకా ఊడదీసి కొత్తవి బిగించే ఏర్పాటు చేసుకున్నారు. 1966లో మొదటి మూడు స్థానాలూ ఫోర్డ్‌వే.

అది అమెరికా గెలుపని గంతులెయ్యను. జీటీ40 పనులు మొదలైంది ఇంగ్లండులో. దాన్ని దారికి తెచ్చిన డ్రైవర్ కెన్ మైల్స్ ఇంగ్లండులో పుట్టినవాడు. ఆ ఏడాదే డేటోనా, సెబ్రింగ్ పందేలు గెలిచి, లె మాన్‌లోనూ ముందున్నవాణ్ణి, మూడు కార్లూ కలిసి గీత దాటాలన్న కంపెనీ ముచ్చట కోసం నెమ్మదించమన్నారు. ఇంకో ఫోర్డ్ నడిపిన బ్రూస్ మెక్‌లారెన్ కారు మొదట్లో కొంచెం వెనక నుంచి బయల్దేరింది కాబట్టి ఎక్కువ దూరం పోయినట్టని గెలుపు దానికిచ్చారు. ఆ ఆగస్టులోనే కొత్త కారు పరీక్షిస్తూ మైల్స్ చనిపోయాడు. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుందిరా. మూడూ ఒకే ఏడాది గెలిచిన మనిషిగా మిగలాల్సినవాడు.

నీకిష్టమైన ‘రష్’ సినిమాలో జేమ్స్ హంట్ నడిపిన మెక్‌లారెన్ రేసు కారు ఉంది కదా, దాని ఇంజిన్ మీద రాసున్న పేరు ఫోర్డ్. డబ్బు పెట్టింది ఫోర్డ్, తయారుచేసింది ఇంగ్లండులోని కాస్‌వర్త్. ఒక్క పాయింటు తేడాతో హంట్‌కి 1976 ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్ తెచ్చింది అదే. ఒళ్లు కాలి చావు అంచుదాకా వెళ్లిన అతని ప్రత్యర్థి లౌడా ఆరు వారాలకే మోంజా రేసులో నాలుగో స్థానంలో వచ్చాడంటావా, ఆ మనిషికి ఏ దేశం కారిచ్చినా ఒకటే.

ఇంకొక్క మాట. చిన్నప్పటి నుంచీ మనం ఎక్కినవన్నీ అంబాసిడర్లూ ఫియట్లే, మన రక్తంలోనే యూరప్ కారుందని రాశావు. 1982లో ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరిగిన చైతన్య రథం ఏమిట్రా మరి? పాత షెవర్లే వ్యాను. హరికృష్ణ నడుపుతుంటే పైనెక్కి ప్రసంగాలిచ్చింది దానిమీదే. దీనికి జవాబు చెప్పు.

పందేలు లేని సినిమా కావాలంటే కపోలా తీసిన ‘టక్కర్’ చూడు. ప్రెస్టన్ టక్కర్ మా పక్కనున్న ఇప్సిలాంటివాడే. ఇంజిన్ వెనక, ముందు మధ్యలో స్టీరింగ్‌తోపాటు తిరిగే మూడో లైటు, గుద్దుకున్నప్పుడు తల పగలకుండా మెత్తటి డ్యాష్‌బోర్డు. ఇవన్నీ 1948లోనే. 51 కార్లు తయారయ్యేసరికి కంపెనీ మూతపడింది, ఆయన మీద మోసం కేసు పెట్టారు, 1950లో నిర్దోషి అని తేలింది. అమెరికావాళ్లకి భద్రత పట్టదంటావు కదా, ఇది చూశాక మాట్లాడు.

వేసవిలో పిల్లల సెలవులకి మీ దగ్గరికి వద్దామనుకుంటున్నాం. స్టుట్‌గార్ట్ మ్యూజియం సరే, నన్ను నుర్‌బర్గ్‌రింగ్ పాత ట్రాక్‌కి తీసుకెళ్లాలి. మామూలు జనం కూడా సొంత కార్లతో తిరగొచ్చట కదా, 20 కిలోమీటర్ల పైచిలుకు. ఏయే రోజుల్లో తెరుస్తారో, అద్దె కారు తీసుకురానిస్తారో లేదో కనుక్కుని రాయి. టికెట్లు ఆ తేదీలు చూసుకునే తీసుకుంటాను. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రవి